డబ్లిన్ ఫోటో స్టూడియోల ఆచూకీ: ఇంటి నంబరు పట్టుకుని వెళ్లండి

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. డబ్లిన్‌లో పాత సామాన్ల సంతలో మీరు తోలు అట్ట ఉన్న ఒక ఫోటో ఆల్బం కొన్నారు. అందులో పాతిక దాకా ఫోటోలు ఉన్నాయి. కొన్నిటి వెనక "లాడర్ బ్రదర్స్" అని, కొన్నిటి వెనక "లఫాయెట్" అని అచ్చు వేసి ఉంది. రెండింటి కిందా వెస్ట్‌మోర్లాండ్ స్ట్రీట్ అనే ఉంది. ఇవి పోటీ దుకాణాలా, ఒకే కుటుంబానివా, ఆ కుటుంబం స్టూడియోల చరిత్ర ఎక్కణ్ణుంచి తవ్వడం మొదలుపెట్టాలి అని అడిగారు.

ఒకే కుటుంబం అండి. తండ్రి పేరు ఎడ్మండ్ లాడర్. 1853లో డబ్లిన్‌లో డాగెరోటైప్ స్టూడియో పెట్టాడు. డాగెరోటైప్ అంటే వెండి పూత పూసిన రాగి రేకు మీద తీసే ఫోటో. దానికి నెగటివ్ ఉండదు కాబట్టి కాపీలూ ఉండవు. తీసిన ఆ ఒక్కటే మీ చేతికిస్తారు. అదే ఏడాది కొడుకు జేమ్స్ స్టాక్ లాడర్ పుట్టాడు. ఈ జేమ్స్ 1880లో 30, వెస్ట్‌మోర్లాండ్ స్ట్రీట్‌లో సొంతంగా స్టూడియో తెరిచి, తన పేరును "జాక్ లఫాయెట్" అని పెట్టుకున్నాడు. ఫ్రాన్స్‌తో చుట్టరికమేమీ లేదు. ఆ రోజుల్లో ఫోటో అంటే పారిస్, పారిస్ అంటే గొప్ప. బోర్డు మీద ఫ్రెంచి పేరు కనిపిస్తే పెద్దింటి ఆడవాళ్లు మెట్లెక్కి వస్తారని లెక్క. జార్జ్, విలియం, ఎడ్మండ్ అని ఇంకో ముగ్గురు అన్నదమ్ములూ ఇదే పనిలో ఉండేవాళ్లు. అంటే మీ ఆల్బంలో ఉన్న రెండు పేర్లూ ఒక ఇంటివే.

ఆ పేరు చూసి నేనూ బోల్తా పడ్డాను. పదిహేనేళ్ల క్రితం నాకు మొదటి లఫాయెట్ కార్డు (అట్టకి అంటించిన ఫోటో) దొరికినప్పుడు, ఈయన పారిస్ నుంచి వచ్చి స్థిరపడి ఉంటాడనుకుని మూడు నెలలు ఫ్రెంచి జాబితాలు వెతుక్కుంటూ కూర్చున్నాను. చివరికి తేలిందేమిటంటే, మనిషి డబ్లిన్‌లోనే పుట్టాడు. అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి. మనకి అలవాటు ఇంటిపేరు పట్టుకుని వంశం వెతకడం. ఈ స్టూడియోల దగ్గర ఇంటిపేరు మోసం చేస్తుంది. పేరు అమ్మేస్తారు, మార్చేస్తారు, చనిపోయినవాడి పేరు మీద ఇరవై ఏళ్లు నడుపుతారు. ఇంటి నంబరు అలా కాదు. ఆ తలుపు అక్కడే ఉంటుంది, పన్ను కట్టినవాడి పేరు ఏదో ఒక పుస్తకంలో ఉంటుంది. కాబట్టి కార్డు వెనక ఉన్న అడ్రసు తీసుకుని, ఆ తలుపు ముందు ఏడాదేడాదికీ ఎవరు నిలబడ్డారో చూసుకుంటూ వెళ్లండి. మనుషులు వాళ్లంతట వాళ్లే బయటపడతారు.

దానికి ముఖ్యమైన ఆధారం థామ్స్ డైరెక్టరీ అనే అడ్రసుల పుస్తకం. 1844 నుంచి ఏటా వచ్చింది. ఇందులో వీధుల భాగం ఉంటుంది. ఒక్కో వీధి, ఒక్కో ఇంటి నంబరు, అందులో ఉన్నవాళ్ల పేర్లు, వృత్తి, పక్కనే పన్ను కోసం కట్టిన విలువ పౌండ్లలో ఉంటాయి. ఒకే నంబరుకి ముగ్గురు నలుగురు కనిపిస్తే కంగారు పడకండి. కింద టోపీల కొట్టో మందుల కొట్టో ఉంటుంది, స్టూడియో పై అంతస్తులో ఉంటుంది. కరెంటు దీపాలు లేని కాలం కదా, పైకప్పుకి అద్దాలు వేయించి ఉత్తరం వైపు వెలుతురులో కూర్చోబెట్టి తీసేవాళ్లు. డబ్లిన్‌లో మొట్టమొదటి స్టూడియో 1841లో రొటండా భవనం మీద పెట్టిందీ అందుకే. పన్ను విలువ ఒక ఏడాది ఉన్నట్టుండి పెరిగితే, పైన గాజు గది కట్టి ఉంటారేమో అని నేను ఒక గుర్తు పెట్టుకుంటాను. అది రుజువేమీ కాదు, ఎక్కడ వెతకాలో చెప్పే సూచన మాత్రమే.

థామ్స్‌తో ఒక చిక్కు ఉంది. అట్ట మీద 1881 అని ఉంటే లోపలి వివరాలు 1880 చివరివి. సంవత్సరం మొదట్లోనే పుస్తకం అమ్మకానికి రావాలి కాబట్టి ముందే సేకరించేవాళ్లు. అందుకని డైరెక్టరీలో మొదటిసారి కనిపించిన ఏడాదిని స్టూడియో తెరిచిన ఏడాదిగా రాసేయకండి. అలాగే పేరు మాయమైన ఏడాదిని చావు ఏడాది అనుకోకండి. నాలుగు తలుపుల అవతలికి మారి ఉండొచ్చు. వెస్ట్‌మోర్లాండ్ స్ట్రీట్, శాక్‌విల్ స్ట్రీట్, గ్రాఫ్టన్ స్ట్రీట్ వరసగా ఉంటాయి, పోస్టాఫీసు నుంచి సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ దాకా పావుగంట నడక. నగరంలో పేరున్న స్టూడియోలు చాలావరకు ఆ దారి మీదే ఉండేవి. అద్దె పెరిగితే ఎదురు వరసలోకి, వ్యాపారం పెరిగితే పక్క భవనంలోకి మారేవాళ్లు. నేనైతే ఒక పెద్ద కాగితం మీద నిలువుగా సంవత్సరాలు, అడ్డంగా ఇంటి నంబర్లు గీసుకుని నింపుతాను. ఎక్సెల్‌లో కూడా చేయొచ్చు, కానీ గోడకి అంటించిన కాగితం ముందు నిలబడితే దొరికినన్ని సంగతులు నాకు స్క్రీన్ మీద ఎప్పుడూ దొరకలేదు.

పేర్లు మారిన వీధులు, ఊళ్లు కూడా చూసుకోండి. శాక్‌విల్ స్ట్రీట్ అంటే ఇప్పటి ఓకానెల్ స్ట్రీట్, అధికారికంగా పేరు మారింది 1924లో. కార్డు మీద కింగ్స్‌టౌన్ అని ఉంటే ఇప్పటి డన్‌లేరీ. క్వీన్స్‌టౌన్ అంటే కార్క్ దగ్గరున్న కోవ్. కింగ్స్ కౌంటీ అంటే ఆఫలీ, క్వీన్స్ కౌంటీ అంటే లీష్. ఇవి తెలియక చాలామంది సగంలో ఆగిపోతారు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న కార్డుల దగ్గరికి వద్దాం. చిన్నవి, సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు ఉన్నవి కార్త్ ద విజిట్‌లు. 1860లలో వాటి పిచ్చి పట్టింది జనానికి. పెద్దవి, నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఆరున్నర ఎత్తు ఉన్నవి క్యాబినెట్ కార్డులు. అవి 1866 నుంచి వచ్చాయి. అట్ట పల్చగా ఉండి మూలలు కోసినట్టు చదరంగా ఉంటే పాతది, మందంగా ఉండి మూలలు గుండ్రంగా ఉంటే 1870ల తర్వాతది అనుకోవచ్చు. ముదురు ఆకుపచ్చ, మెరూన్, నలుపు అట్టలకి బంగారు అంచు ఉంటే 1880ల వైపు చూడండి. బట్టలు చూసి ఏడాది చెప్పేవాళ్లని మాత్రం నేను పూర్తిగా నమ్మను. పల్లెటూరి పెద్దావిడ పదిహేనేళ్ల క్రితం కుట్టించుకున్న మంచి గౌనే వేసుకుని ఫోటోకి వస్తుంది. మన అమ్మమ్మలు పెళ్లి పట్టుచీరతోనే అన్ని ఫోటోల్లో ఉండరూ? అలాగే.

లఫాయెట్ కార్డులకి ఇంతకంటే మంచి కొలబద్ద ఉంది. 1887లో జేమ్స్ విండ్సర్‌కి వెళ్లి విక్టోరియా రాణిని ఫోటో తీశాడు. ఆ ఏడాదే రాయల్ వారంట్ వచ్చింది, డబ్లిన్‌లో రాణిగారి ఫోటోగ్రాఫర్ అయ్యాడు. (ఇదే రాణి 1897లో మన సికింద్రాబాద్ రాజా దీన్ దయాళ్‌కీ ఇలాంటి వారంటే ఇచ్చింది. ఆయన కార్డులు చూసినవాళ్లకి ఈ హడావుడి కొత్తగా ఉండదు.) ఆ తర్వాత బ్రాంచీలు వచ్చాయి. 1890లో గ్లాస్గో, 1892లో మాంచెస్టర్, 1897లో లండన్ న్యూ బాండ్ స్ట్రీట్, 1900లో బెల్‌ఫాస్ట్. ఇక చూడండి ఎంత తేలికో. కార్డు మీద రాజముద్ర లేకుండా డబ్లిన్ ఒక్కటే ఉంటే 1880కీ 1887కీ మధ్యది. రాజముద్ర ఉండి డబ్లిన్ ఒక్కటే ఉంటే 1887 తర్వాత, 1890 లోపు. గ్లాస్గో ఉండి మాంచెస్టర్ లేకపోతే ఆ రెండేళ్లదే. పాత అట్టలు మిగిలిపోతే పారేయలేక వాడుకునేవాళ్లు కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ వదిలిపెట్టుకోండి.

నా దగ్గరున్న ఒక కార్డు సంగతి చెప్తాను, ఎలా చూడాలో తెలుస్తుంది. క్యాబినెట్ సైజు, క్రీమ్ రంగు అట్ట. ముందు వైపు నల్ల గౌను వేసుకున్న నడివయసు ఆవిడ, చేతిలో మూసిన పుస్తకం. ముఖం మీద ఒక్క ముడత లేదు, మెడ మీద మాత్రం ఉన్నాయి. అంటే రీటచింగ్ చేసినవాళ్లు నెగటివ్ మీద పెన్సిల్‌తో ముఖం నున్నగా చేసి, మెడ దగ్గరికి వచ్చేసరికి విసుగొచ్చి వదిలేశారన్నమాట. వెనక రాజముద్ర కింద డబ్లిన్, గ్లాస్గో ఉన్నాయి, మాంచెస్టర్ లేదు. అచ్చుకి అడుగున పెన్సిల్‌తో ఐదంకెల సంఖ్య ఉంది. అది నెగటివ్ నంబరు. మళ్లీ కాపీ కావాలంటే ఆ నంబరు చెప్పి అడగాలి. మీ ఆల్బంలో ఒకే స్టూడియో కార్డులు నాలుగైదు ఉంటే, ఈ నంబర్లన్నీ వరసలో రాసుకోండి. ఏదైనా ఒక్కదాని మీద తారీకు రాసి ఉన్నా, మిగతావి దానికి ముందువా వెనకవా తేలిపోతుంది. ఈ పని స్టూడియో చరిత్రకి కూడా పనికొస్తుంది. రెండు తారీకుల మధ్య ఎన్ని వేల నెగటివ్‌లు తీశారో చూస్తే వ్యాపారం ఏ వేగంతో నడిచిందో అర్థమవుతుంది.

అడ్రసులు, తారీకులు అయ్యాక మనుషుల మీదికి వెళ్లండి. ఇక్కడే ఐర్లండ్ మనల్ని ఏడిపిస్తుంది. 1922కి ముందు తీసిన జనాభా లెక్కల్లో 1901, 1911వి మాత్రమే పూర్తిగా మిగిలాయి. 1861, 1871 లెక్కల కాగితాలను ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితం గుజ్జు అయిపోయాయి. 1821 నుంచి 1851 దాకా ఉన్నవి చాలావరకు 1922 జూన్ 30న డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల్లో అంతర్యుద్ధం మంటల్లో కాలిపోయాయి. విక్టోరియా రాణి కాలం అంతా చూస్తే, ఒక స్టూడియో కుటుంబం ఇంట్లో ఎవరెవరు ఉన్నారో చెప్పే కాగితం ఆవిడ పోయాక రెండు నెలలకి తీసిన 1901 మార్చి 31 లెక్కే. అందుకే ఐర్లండ్‌లో ఈ పని ఇంగ్లండ్‌లో చేసినట్టు జరగదు. ఇంగ్లండ్ గైడ్లు చదివి వచ్చినవాళ్లు "ముందు 1851 సెన్సస్ చూడండి" అంటారు, విని ఊరుకోండి.

మిగిలిన ఆ రెండూ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. పేరుతో ఒక్కటే కాకుండా వృత్తితో కూడా చూడండి. ఫోటోగ్రాఫర్ అనే కాక రీటచర్, ఫోటో ప్రింటర్ అని రాసుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లలో ఆడపిల్లలు చాలామంది. కుటుంబ స్టూడియో అంటే బోర్డు మీద అన్నదమ్ముల పేర్లే ఉంటాయి కానీ, లోపల రంగులు వేసింది, ఫోటోలు అట్టకి అంటించింది, లెక్కలు రాసింది అక్కచెల్లెళ్లు, భార్యలు కూడా. వాళ్ల జాడ దొరికేది ఈ కాగితాల్లోనే. 1911లో ఇంకో లాభం ఉంది, పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని రాయించారు. వయసులు మాత్రం నమ్మకండి. 1909 నుంచి డెబ్భై నిండినవాళ్లకి పింఛను మొదలైంది, దాంతో చాలామందికి పదేళ్లలో పదిహేనేళ్ల వయసు పెరిగింది!

జనన మరణాల రిజిస్టర్లు 1864 జనవరి 1న మొదలయ్యాయి. క్యాథలిక్‌ల పెళ్లిళ్లు కూడా అప్పటి నుంచే. క్యాథలిక్‌లు కానివాళ్ల పెళ్లిళ్లు 1845 ఏప్రిల్ నుంచే ఉన్నాయి. పెళ్లి కాగితంలో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు రాస్తారు. అక్కడ "ఫోటోగ్రాఫర్" అని కనిపిస్తే రెండు తరాలు ఒక్క గీతతో కలిసిపోతాయి. కొన్నిసార్లు మామగారు కూడా ఫోటోగ్రాఫరే అయి ఉంటాడు. సాక్షుల సంతకాలు వదలకండి. దుకాణంలో పనిచేసినవాడు సాక్షి సంతకం పెట్టి, పదేళ్ల తర్వాత అదే అడ్రసులో తన పేరుతో స్టూడియో నడపడం నేను చూశాను.

వీలునామాల అసలు కాగితాలు 1922లో కాలిపోయినా, 1858 నుంచి అచ్చేసిన వాటి పట్టికలు ఉన్నాయి. ఎప్పుడు పోయాడు, ఎక్కడ ఉండేవాడు, ఎంత విలువ వదిలాడు, ఆస్తి ఎవరి చేతికి వెళ్లింది అనేది నాలుగు లైన్లలో ఉంటుంది. స్టూడియో ఎందుకు మూతబడిందో ఆ పౌండ్ల లెక్క ఒక్కోసారి చెప్పేస్తుంది. లీజు కాగితాల కోసం హెన్రియెట్టా స్ట్రీట్‌లోని రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్, అంటే దస్తావేజుల ఆఫీసు ఉంది. 1708 నుంచి నడుస్తోంది, 1922 మంటలు దాన్ని తాకలేదు. అక్కడి పేర్ల సూచికలు అమ్మినవాడి, లీజుకిచ్చినవాడి పేరు మీద ఉంటాయి, కొన్నవాడి పేరు మీద కాదు. అంటే భవనం ఓనర్ పేరు ముందు తెలియాలి. అది పన్ను కోసం ఇళ్ల విలువ రాసిన వాల్యుయేషన్ పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ పుస్తకాల్లో అద్దెదారు మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి, ఒక్కో ఏడాదికి ఒక్కో రంగు సిరాతో కొత్త పేరు రాసేవాళ్లు. మొదటిసారి చూస్తే పిల్లలు గీసిన బొమ్మలా ఉంటుంది, అరగంటలో అలవాటైపోతుంది. బెల్‌ఫాస్ట్ వైపు పుస్తకాలు ఉత్తర ఐర్లండ్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు.

పత్రికలు ఆఖర్న పెట్టాను కానీ, నాకు బాగా ఇష్టమైనవి అవే. ఫ్రీమన్స్ జర్నల్, ఐరిష్ టైమ్స్, బెల్‌ఫాస్ట్ న్యూస్ లెటర్ స్కాన్‌లు డబ్బు కట్టి చూడాలి, కొన్ని లైబ్రరీల్లో ఉచితం. పొగడ్తల ప్రకటనల మీద టైమ్ వేస్ట్ చేయకండి. చూడాల్సినవి మూడు: భాగస్వామ్యం రద్దు నోటీసులు, దివాలా, వేలం. వేలం ప్రకటనలో కెమెరాలు, తెరలు, కుర్చీలతో సహా జాబితా ఉంటుంది, నెగటివ్‌లు ఎవరికి వెళ్లాయో కూడా ఒక్కోసారి ఉంటుంది. వెతికేటప్పుడు "లాడర్" కోసం "లాండర్" అని కూడా కొట్టండి. ఇంగ్లీషులో యు అక్షరాన్ని కంప్యూటర్ ఎన్ అని చదువుతుంది. నాకు సగం దొరికింది ఆ తప్పు స్పెల్లింగులోనే.

అసలు నెగటివ్‌లు ఎక్కడైనా ఉన్నాయా అని మీరు అడగలేదు, కానీ తర్వాత అడుగుతారు. అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. శాక్‌విల్ స్ట్రీట్‌లో పోస్టాఫీసు ఎదురుగా విలియం లారెన్స్ 1865లో స్టూడియో పెట్టాడు, వాళ్లమ్మ బొమ్మల కొట్టులోనే. 1916 ఈస్టర్ తిరుగుబాటు వారంలో ఆ కొట్టుని జనం దోచుకున్నారు, అందులో ఉన్న టపాసులు నడివీధిలో కాల్చారు, తర్వాత భవనం తగలబడింది. యాభై ఏళ్లుగా తీసిన మనుషుల ఫోటోల నెగటివ్‌లు అన్నీ పోయాయి. ఊళ్లు, కొండలు, రైల్వే స్టేషన్ల నెగటివ్‌లు రాత్‌మైన్స్‌లో వేరే చోట దాచడం వల్ల మిగిలాయి. అవి చాలావరకు రాబర్ట్ ఫ్రెంచ్ అనే ఉద్యోగి తీసినవి, ఆయన అంతకు ముందు పోలీసు. సుమారు 40,000 గాజు పలకలను నేషనల్ లైబ్రరీ 1943లో 300 పౌండ్లకి కొంది. కాబట్టి మీ ఆల్బంలో లారెన్స్ స్టూడియోలో తీసిన ముఖం ఉంటే, ప్రపంచంలో మిగిలింది ఆ కార్డు ఒక్కటే అయి ఉండొచ్చు. వాటర్‌ఫర్డ్‌లో పూల్ కుటుంబం కథ దీనికి పూర్తిగా వేరు. 1884 నుంచి 1954 దాకా నడిపారు, వాళ్ల నెగటివ్‌లు అదే లైబ్రరీలో ఉన్నాయి.

లఫాయెట్‌వి మధ్యరకం. 1968లో లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో ఒక భవనం అటక మీద పెట్టెల కొద్దీ దొరికాయి. సుమారు 3,500 విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి, తర్వాతి కాలంవి నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి వెళ్లాయి. 1897 జూలై 2న డెవన్‌షైర్ హౌస్‌లో జరిగిన వేషాల విందులో తోటలో డేరా వేసి తీసిన దొరల ఫోటోలు, 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెళ్లిన మన దేశపు రాజుల ఫోటోలు ఇందులోవే. అయితే ఇదంతా ఎక్కువగా లండన్ సరుకు. డబ్లిన్‌లో మామూలు మనుషులు తీయించుకున్నవి అందులో దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. జేమ్స్ మాత్రం 1923లో బెల్జియంలోని బ్రూజ్‌లో పోయాడు. చూడండి, డబ్లిన్‌లో పుట్టి, ఫ్రెంచి పేరు పెట్టుకుని, లండన్‌లో సంపాదించి, బెల్జియంలో పోయినవాణ్ణి పేరు పట్టుకుని వెతికితే ఎక్కడ దొరుకుతాడు?

మీరు ఇప్పుడు చేయాల్సింది: ప్రతి కార్డుకీ ముందు, వెనక రెండు వైపులా స్కాన్ తీయండి. వెనక వైపు వదిలేసేవాళ్లే ఎక్కువ, మనకి కావలసిందంతా అక్కడే ఉంది. కానీ ఆల్బంలోంచి కార్డులు గోళ్లతో లాగకండి. ఆ పేజీలకి కింద అంచున చీలిక ఉంటుంది. పల్చటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి చీలికలోంచి కార్డు వెనక్కి దూర్చి, మెల్లిగా కిందికి జరపండి. రాకపోతే వదిలేయండి. తడి గుడ్డ అసలు పెట్టొద్దు. ఇవి ఎక్కువగా కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద తీసిన ఫోటోలు, కొన్నిటి పైన చేత్తో వేసిన రంగులు ఉంటాయి. నా మొదటి ఏడాదిలో ఒక పాప ఫోటో మీద మరక ఉందని తడి దూదితో తుడిచాను. మరక అలాగే ఉంది, బుగ్గల మీద వేసిన గులాబీ రంగు దూదికి వచ్చేసింది. ఆ దూది ఇప్పటికీ ఒక కవరులో పెట్టి కార్డు పక్కనే ఉంచాను.

స్కాన్‌లు అయ్యాక వెనక వైపులు, పెన్సిల్ నంబర్లు ఇక్కడ పెట్టండి. లాడర్ బ్రదర్స్ కార్డుల మీద ఇంటి నంబరు ఏమిటో మీరు రాయలేదు. ముందు అది చెప్తే, థామ్స్‌లో ఏ ఏడాది నుంచి మొదలుపెట్టాలో నేను చూసి చెప్తాను.